సున్నాగారూ, ఖాళీ లిఫ్టూ

మూడో అంతస్తు పెద్దాయనకి తాగుడు లేదు, పేకాట లేదు, ఒకరి జోలికి పోయే అలవాటు అసలే లేదు. ఉన్నదల్లా ఒకటే పిచ్చి. ఎక్కడ గ్రాఫు కనబడినా వంగి, కళ్ళజోడు సర్దుకుని, దాని అడుగున సున్నా ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే ఆ పూట ఆయనకి ముద్ద దిగదు. "సున్నా ఏదీ?" అని అడుగుతారు. పేపర్ని అడుగుతారు, టీవీని అడుగుతారు, టూత్‌పేస్టు డబ్బాని కూడా అడుగుతారు. బిల్డింగులో వాళ్ళు ఆయన అసలు పేరు ఎప్పుడో మర్చిపోయి సున్నాగారు అనడం మొదలుపెట్టారు. ఆయనా పలుకుతారు.

గణాంకాల ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు గ్రాఫులు గీసి రిటైరైన మనిషి. భార్య లేదు. కొడుకు పొద్దున్నే ఆఫీసుకి చెక్కేస్తాడు. ఇక రోజంతా ఆయనతో వేగాల్సింది కోడలే.

ఒకసారి ఆవిడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు కంప్యూటరు తెర ఇటు తిప్పి, "చూశారా, మీ షుగరు ఎలా ఎగబాకిందో!" అన్నాడు.

"సున్నా ఏదండీ?"

"ఏ సున్నా?"

"ఈ గీత నూట పది దగ్గర మొదలైంది. కింద భాగం ఎవరు కోసేశారు?"

"మావయ్యగారూ, ఊరుకోండి" అని కోడలు చెయ్యి గిల్లింది. ఆయన ఊరుకోలేదు. "ఇద్దరు మనుషుల్ని మెడదాకా పాతిపెట్టి, పైకి కనబడే తలకాయలు కొలిచి, వీడు వాడికి రెండింతల పొడుగంటే మీరు నమ్ముతారా డాక్టరుగారూ?" అన్నారు. బయట వరసలో కూర్చున్న రోగుల్లో ఇద్దరు ఆ పాతిపెట్టడం మాట విని లేచి వెళ్ళిపోయారు. మందుల చీటీ వెనక సున్నా నుంచి మళ్ళీ గీసి ఇచ్చాకే ఆయన కుర్చీలోంచి లేచారు. మందులు మాత్రం బుద్ధిగా వేసుకున్నారు. "షుగరు ఉందమ్మా. అంత భయంకరంగా లేదు, అంతే" అన్నారు.

ఇంట్లో గోడలన్నీ ఆయనవే. కుక్కరు ఈలలకో గ్రాఫు, కొడుకు గురకకో గ్రాఫు. ఒకరోజు కోడలు పొయ్యి దగ్గర్నుంచి వచ్చేసరికి కొత్తది వేలాడుతోంది. పైన గుండ్రటి అక్షరాలతో "కోడలి కోపం, రోజుకి ఎన్నిసార్లు" అని ఉంది.

"నా కోపానికి గ్రాఫా! చింపేస్తాను!"

"చింపేద్దువుగానీ, ముందు చూడు. సున్నా నుంచి గీశాను. ఎంతో లేదమ్మా."

చూసింది. నిజంగానే మోకాలెత్తు కూడా లేదు. పుట్టింట్లో, అత్తింట్లో అందరూ ఆవిడని కోపిష్టిదంటూ వచ్చారు. కాదని కాగితం మీద రాసిచ్చినవాడు ఈయనొక్కడే. గ్రాఫు గోడ మీదే ఉండిపోయింది.

ఆయన నియమాలు ఇంకా ఉన్నాయి. కళ్ళారా చూడని రోజుకి చుక్క పెట్టకూడదు. ఒక్క చుక్కతో గీత గీయకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ప్రతి గ్రాఫుకీ పేరుండాలి. పేరు రాయని గ్రాఫు ఆకాశరామన్న ఉత్తరంతో సమానం అంటారాయన.

మధ్యాహ్నం మూడున్నర వేళ ఆ బిల్డింగు అదోలా ఉంటుంది. ఆఫీసులకి పోయినవాళ్ళు రారు, ఇంట్లో ఉన్నవాళ్ళు నిద్ర లేవరు. మెట్ల మీద చెప్పుల చప్పుడు నాలుగంతస్తులు వినిపిస్తుంది. అలాంటి వేళ కోడలు మేడమీద ఆరేసిన బట్టలు బుట్టలో వేసుకుని మెట్లు దిగుతోంది. నాలుగో అంతస్తులో టైలరమ్మాయి మిషను టకటకా ఆడుతోంది. నాలుగు నెలల కిందట తల్లితో కలిసి అద్దెకి దిగిన పిల్ల. తల్లిని ఎవరూ చూసింది లేదు, మంచం దిగలేదని బిల్డింగంతా అనుకుంటారు.

ఉన్నట్టుండి మిషను ఆగిపోయింది.

లిఫ్టు గుంతలో తాడు మూలిగింది. కిందనుంచి ఏదో పైకి వస్తోంది. వచ్చి, నాలుగో అంతస్తులో ఆగి, తలుపులు తెరుచుకుంది. లోపల లైటు వెలుగుతోంది. ఎవరూ లేరు. లోపలి అద్దంలో ఎదుటి గోడ తప్ప ఏమీ లేదు. కోడలు మెట్టు మీద అలాగే నిలబడిపోయింది. టైలరమ్మాయి వాకిలి ఓరగా తెరిచి ఉంది. ఆ సందులో చీకటి. ఆ చీకట్లోంచి ఒక ముసలి గొంతు ఎంతో ప్రేమగా అడిగింది.

"వచ్చారా?"

లిఫ్టు జవాబు చెప్పలేదు. కాసేపు అలాగే నోరు తెరుచుకుని ఉంది.

"రండి. అలిసిపోయుంటారు."

తలుపులు మూసుకున్నాయి. కోడలు మిగతా మెట్లు ఎలా దిగిందో ఆవిడకే తెలీదు. బట్టల బుట్ట మర్నాడు వాచ్‌మన్ తెచ్చిచ్చాడు.

ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టించుకుని ఎదురింటావిడకి చెప్పింది. ఆవిడ ఇంకొకరి దగ్గర ఒట్టు పెట్టించుకుంది. అలా ఒట్ల మీద ఒట్లు పడి సాయంత్రానికి ఆరు అంతస్తులూ ఎక్కేసింది. మర్నాటికి ఆ గొంతు జుట్టు విరబోసుకుంది. మూడోనాటికి దాని పాదాలు వెనక్కి తిరిగాయి. జనం గడియారాలు చూసుకుని మరీ కాపు కాశారు. నిజమే, ప్రతి రోజూ సరిగ్గా మూడూ నలభైకి లిఫ్టు ఖాళీగా నాలుగో అంతస్తుకి వెళ్తోంది.

మావయ్యగారికీ చెప్పింది. ఆయన పెన్సిలు చెక్కుతూ విన్నారు.

"ఆ గొంతు ఎన్నిసార్లు విన్నావమ్మా?"

"ఒక్కసారే. చాలదూ?"

"ఒక్క చుక్కతో గీత గీయలేం కదమ్మా" అని గభాల్న మాట మార్చి, కుక్కరు ఎన్ని ఈలలు వేసిందని అడిగారు.

వారం తిరక్కుండా లిఫ్టులో ఒక కాగితం వెలిసింది. అపార్ట్‌మెంటు సెక్రటరీ అంటించాడు. లిఫ్టు ఏ అంతస్తులో ఎన్నిసార్లు ఆగిందో మిషనే లెక్క పెట్టుకుంటుందట, మెకానిక్ తీసిచ్చాడట. ఐదు నెలలకి ఐదు ఎర్రటి దిమ్మెలు. మొదటిది బొటనవేలంత, చివరిది మోచేతంత. పైన "నాలుగో అంతస్తులో ఏం జరుగుతోంది?" అని ఉంది. రెండో దిమ్మె కింద, టైలరమ్మాయి దిగిన నెల అని బాణం గుర్తు. ఆ అమ్మాయిని ఖాళీ చేయించమని ఇంటి ఓనరుకి చెప్పాలా వద్దా, ఆదివారం పది గంటలకి కింద పార్కింగులో మీటింగు, చేతులెత్తి తేల్చడం.

సున్నాగారు వంగి చూశారు. దిమ్మెలు నాలుగు వందల దగ్గర మొదలయ్యాయి. పెన్సిలు తీసి మూలన "సున్నా ఏదీ?" అని రాశారు.

"మీ సున్నా గోల మీ ఇంట్లో పెట్టుకోండి పెద్దాయనా" అన్నాడు సెక్రటరీ. "ఇక్కడ మనుషులు భయంతో చస్తున్నారు."

"అందుకేనండీ అడుగుతున్నది" అన్నారీయన.

కోడలు మాత్రం ఆ కాగితం చూసిన దగ్గర్నుంచి లిఫ్టెక్కడం మానేసింది. ఆ దయ్యం మాట తన నోట్లోంచి పుట్టిందేనాయె. టైలరమ్మాయి మెట్ల మీద ఎదురుపడి, "మీ డ్రెస్సు కుట్టేశానక్కా. ఆదివారం లోపు తీసుకెళ్ళండి. ఆ తర్వాత ఉంటానో ఉండనో" అంది. కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. అక్కయ్య తల దించుకుని గబగబా మెట్లు దిగిపోయింది.

శుక్రవారం నాడు ఆవిడ మావయ్యగారి బీరువాలో బట్టలు సర్దుతుంటే తలుపు లోపలివైపు ఒక గ్రాఫు కనబడింది. ఆయన చేతిదే. సున్నా ఉంది, తేదీలు ఉన్నాయి, నిమిషాలు అని ఉంది. పేరు మాత్రం లేదు.

పేరు లేని గ్రాఫు ఈయన గీయడమా! చుక్కలు ముందు పైపైన ఉన్నాయి. తొంభై ఐదు, నూట పది, మధ్యలో ఒక్కటి సున్నా, మళ్ళీ నూట ఇరవై. ఆ తర్వాత ఒకటి సున్నా మీద పడింది, ఒకటి పైకి లేచింది. ఇంకోటి పడింది, ఇంకోటి లేచింది. అక్కడ్నుంచి ఇక లేవలేదు. రెండు నెలలకి పైగా చుక్కలన్నీ సున్నా మీదే, వరసగా, చీమల్లా. ఏం పోయింది? ఎవరిది అయిపోయింది? మావయ్యగారు రోజూ మధ్యాహ్నం చెత్తబుట్ట పట్టుకుని బయటికెళ్ళి రెండు నిమిషాల్లో వచ్చి బీరువా తలుపు తీయడం అప్పుడు గుర్తొచ్చింది. చెత్త మాత్రం బుట్టలోనే ఉంటుంది. మతిమరుపనుకుంది ఇన్నాళ్ళూ.

శనివారం మూడూ ముప్ఫై ఎనిమిదికి ఆయన బుట్ట పట్టుకున్నారు. కోడలు తలుపు సందులోంచి చూసింది. ఆయన లిఫ్టు బొత్తం నొక్కారు. లిఫ్టు వచ్చింది, ఖాళీగా. ఆయన లోపలికి ఎక్కలేదు. ఒక చెయ్యి మాత్రం లోపలికి పెట్టి ఏదో నొక్కి, వెనక్కి జరిగారు. తలుపులు మూసుకుంటుంటే ఆ ఖాళీ లిఫ్టుతో మెల్లిగా, "వెళ్ళి రండి" అన్నారు.

కోడలు తలుపు తోసుకుని బయటికొచ్చింది. "మావయ్యగారూ!"

ఆయన ఉలిక్కిపడి, నోటి మీద వేలు పెట్టి పైకి చూపించారు. పైన లిఫ్టు ఆగింది. "వచ్చారా?" అంది ఆ గొంతు. కుర్చీ జరిగింది. పాదాల చప్పుడు నెమ్మదిగా లోపలికి వెళ్ళింది. ఆయన వాచీ చూసుకుని, "ఇవాళ కూడా సున్నా" అన్నారు.

"ఇన్నాళ్ళూ ఆ దయ్యం మీరా!"

"గట్టిగా అనకమ్మా, అందరూ పడుకున్నారు."

లోపలికి లాక్కొచ్చి కూర్చోబెడితే చెప్పారు. టైలరమ్మాయి వాళ్ళ పడగ్గది ఆయన గదికి సరిగ్గా పైన. వచ్చిన కొత్తలో రోజూ మూడూ నలభైకి ఆ పిల్ల తల్లి, ఆ పెద్దావిడ ఏడుపు గవాక్షంలోంచి వినిపించేది. "ఇంకా రాలేదేం? లిఫ్టు రాలేదేం? ఏమైపోయారు?" అని, ఎప్పుడో పోయిన భర్త కోసం. గంటన్నర, రెండు గంటలు. వినబడ్డాక ఈయన ఊరుకుంటారా, నిమిషాలు రాయడం మొదలుపెట్టారు. ఒకరోజు ఏడుపు లేదు. ఆ రోజు సరిగ్గా ఆ వేళకి ఎవరో పార్సిలు వాడు నాలుగో అంతస్తులో లిఫ్టు దిగాడు.

"దాంతో పరీక్ష పెట్టానమ్మా. ఒకరోజు లిఫ్టు పంపడం, ఒకరోజు మానడం. ఇరవై రోజులు చేస్తేగానీ శాస్త్రం ఒప్పుకోదు."

"ఇక్కడ నాలుగు రోజులే ఉన్నాయిగా?"

ఆయన తల దించుకున్నారు. "మానిన రెండో రోజు నూట ముప్ఫై నిమిషాలు ఏడ్చింది. నావల్ల కాలేదు. రోజూ పంపేశాను. తప్పేననుకో. నా సర్వీసులో పరీక్ష మధ్యలో ఆపేయడం అదొక్కసారే."

"మరి దీనికి పేరు రాయలేదేం?"

"ఒకరింటి ఏడుపు గీసి పైన పేరు కూడా రాయమంటావా?"

కోడలి కోపం సున్నాకి వచ్చేసింది. ఆ వెంటనే ఇంకోటి తట్టింది. "పంపేది మీరని ఆ అమ్మాయికి చెప్పారా?"

"లేదే."

"చనిపోయిన మనిషి కోసం రోజూ ఖాళీ లిఫ్టు వస్తుంటే ఆ పిల్ల దడుచుకోదూ?"

ఆయన బీరువా వైపు చూశారు. "అది... అది నేను గీయలేదమ్మా" అన్నారు.

ఇద్దరూ మెట్లెక్కి వెళ్ళేసరికి టైలరమ్మాయి మిషను మీద గుడ్డ కప్పి తాడు కడుతోంది. పెట్టెలు సర్దేసింది. లోపల పెద్దావిడ హాయిగా నిద్రపోతోంది. ఈయన నీళ్ళు నములుతూ విషయం చెప్పారు. ఆ అమ్మాయి చేతిలో తాడు వదిలేసింది.

"మీరా బాబాయిగారూ! నాన్న పోయి మూడేళ్ళు. పాత ఇంట్లో ఆయన రోజూ ఈ టైముకే లిఫ్టులో వచ్చేవారు. ఇక్కడా అది వస్తుంటే, అమ్మ చెప్పేదే నిజమేమో అనుకున్నా. లిఫ్టు పైకొస్తున్న చప్పుడు వినగానే మిషను తొక్కడానికి నాకు కాళ్ళాడేవి కావు!" అంటూ ఆ గుడ్డల కుప్ప మీద కూలబడి ఒకటే నవ్వు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, అంతలోనే బతిమాలింది. "రేపు మీటింగులో అమ్మ సంగతి చెప్పకండి. ముప్ఫయ్యేళ్ళు హెడ్మిస్ట్రెస్‌గా చేసిన మనిషి. ఆవిడ మతి గురించి పార్కింగులో నలుగురూ చెప్పుకోవడం నాకిష్టం లేదు. ఇల్లు పోతే పోనీండి."

"చెప్పను" అన్నారు సున్నాగారు.

మెట్లు దిగుతూ కోడలు అడిగింది. "మరి రేపు ఏం గీస్తారు?"

"ఉన్నదే గీస్తాను."

ఆదివారం పార్కింగులో కుర్చీలు చాల్లేదు. స్కూటర్ల మీద కూడా కూర్చున్నారు. పట్టపగలే అయినా అందరూ లిఫ్టుకి వీపు పెట్టకుండా చూసుకున్నారు. సెక్రటరీ ఎర్ర దిమ్మెలు చూపించి, "చూడండి, నాలుగింతలు!" అన్నాడు. జనం ఇస్స్ అన్నారు.

సున్నాగారు లేచి తన చార్టు విప్పారు. అవే ఐదు అంకెలు. నాలుగు వందల పది, నాలుగు వందల పదకొండు, నాలుగు వందల ఇరవై ఐదు, నాలుగు వందల నలభై, నాలుగు వందల నలభై ఒకటి. సున్నా నుంచి. ఐదు దిమ్మెలూ ఇంచుమించు ఒకే ఎత్తున, బడిలో పిల్లల వరసలా నిలబడ్డాయి.

"మనుషుల్ని మెడదాకా పాతిపెట్టి..." అని మొదలెట్టబోతుంటే, "తెలుసు తెలుసు!" అని అందరూ అరిచారు. పార్కింగులో గాలి తేలికపడింది. ఎదురింటావిడ, "అయితే అసలేమీ లేదన్నమాట!" అంది.

కోడలు మనసులో కూర్చోండి, కూర్చోండి మావయ్యగారూ అనుకుంటోంది. అక్కడితో కూర్చుంటే సరిపోయేది. ఆయన కూర్చోలేదు.

"ఏమీ లేదని నేననలేదు. సున్నా పెడితే పెరిగింది చిన్నగా కనబడుతుంది, మాయమైపోదు. ముప్ఫై రోజుల నెలలో ముప్ఫై పెరిగింది, ముప్ఫై ఒకటి ఉన్న నెలలో ముప్ఫై ఒకటి. దయ్యాలు క్యాలెండరు చూసుకుని రావు. అవి నావి. రోజూ మూడూ నలభైకి ఖాళీ లిఫ్టు పంపేది నేను."

సెక్రటరీ ముఖం దిమ్మెల రంగుకి వచ్చింది.

"మీరా? ఎందుకు?"

"అది నా సొంత విషయం."

"అరవై తొమ్మిదేళ్ళొచ్చి లిఫ్టుతో ఆటలా! జనం జ్వరాలొచ్చి పడుకున్నారు!"

"తప్పే. క్షమించండి" అన్నారాయన. ఎవరో నవ్వారు. ఎవరో ముసలాయనకి బుర్ర పాడైందన్నారు. మామగారిని అదుపులో పెట్టుకోమని ఒకావిడ కోడలికే చెప్పింది. ఆయన చార్టు చుట్టుకుంటూ నిలబడ్డారు. కోడలికి దుఃఖం ముంచుకొచ్చింది. ఆవిడ లేచేలోపే వెనక నుంచి టైలరమ్మాయి లేచింది.

"బుర్ర పాడైంది ఆయనకి కాదు, మా అమ్మకి" అంది. అని మొత్తం చెప్పేసింది. చెప్పి, "ఇప్పుడు ఎత్తండి చేతులు" అంది.

ఒక్క చెయ్యి లేవలేదు. సెక్రటరీ తన ఎర్ర కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు.

ఆ మర్నాటి నుంచి కొత్త గొడవ మొదలైంది. మూడూ నలభైకి సున్నాగారు ఒకసారి లిఫ్టు పంపుతారు. మూడూ నలభై రెండుకి ఎదురింటావిడ పంపుతుంది. మూడూ నలభై ఐదుకి సెక్రటరీ, ఎవరూ చూడట్లేదనుకుని. పెద్దావిడ కూతుర్ని పిలిచి, "మీ నాన్నకి ఇదేం పాడలవాటే? వచ్చిన మనిషి మళ్ళీ మళ్ళీ ఎక్కడికెళ్తున్నారు?" అని నిలదీసింది. ఆఖరికి ఎవరి రోజు ఏదో రాసి లిఫ్టులో అంటించారు. ఎర్ర కాగితం ఉన్న చోటే.

ఆ తర్వాత నెలలో తాడు మార్చడానికి మెకానిక్ ఒకరోజంతా లిఫ్టు ఆపేశాడు. పెద్దావిడ ఏడుస్తుందని కోడలు ముందే పైకెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. మూడూ నలభై అయింది. లిఫ్టు గుంతలో చప్పుడు లేదు. టైలరమ్మాయి మిషను ఆపింది. పెద్దావిడ తలెత్తి వాకిలి వైపు చూసింది. ముఖం విప్పారింది.

"వచ్చారా? అయ్యో, ఇవాళ మెట్లెక్కి వచ్చారా పాపం!"

కోడలు మెడ తిప్పి చూసింది. మెట్లు ఖాళీ. పెద్దావిడ లేచి, పక్కకి జరిగి ఎవరికో దారిచ్చి, నవ్వుకుంటూ లోపలికెళ్ళి పడుకుంది.

కోడలు ఒక్క పరుగున కిందికొచ్చింది. మావయ్యగారు మెకానిక్ పక్కన కుర్చీ వేసుకుని తాడు మూరలు కొలుస్తున్నారు.

"మీరేమైనా మెట్లెక్కి పైకొచ్చారా?"

"రెండింటి నుంచీ ఇక్కడే ఉన్నానమ్మా."

"అవునమ్మా, కదిలితే ఒట్టు. నా ప్రాణం తీస్తున్నారు" అన్నాడు మెకానిక్.

జరిగింది విని ఆయన ఇంటికొచ్చి బీరువా తలుపు తీశారు. "నేను చూడలేదు. నువ్వు చూశావుగా, చుక్క నువ్వే పెట్టు" అని పెన్సిలు ఆవిడకిచ్చారు. ఏడుపు సున్నా. లిఫ్టు సున్నా. కారణం అన్న చోట ఏం రాయాలో తెలీక ఆయన వైపు చూసింది.

"తెలియదు అని రాయి. తెలీనప్పుడు అదే రాయాలి."

"మావయ్యగారూ... అంటే నిజంగానే ఆయన..."

"ఒక్క చుక్కతో గీత గీయలేం అమ్మా" అన్నారాయన. అని, ఎందుకైనా మంచిదని వీధి తలుపు గడియ పెట్టి వచ్చారు.

ఆ వారమంతా కోడలు మేడమీది బట్టలకి మావయ్యగారిని తోడు తీసుకెళ్ళింది. ఆదివారానికి గోడ మీద కోపం పక్కన కొత్త గ్రాఫు వెలిసింది. పైన పెద్ద అక్షరాలతో "భయం, కోడలిదీ నాదీ" అని పేరుంది. రెండు గీతలూ సున్నా నుంచే ఉన్నాయి. ఆయనదే కాస్త ఎత్తు.